పది బల్బుల పెట్టె

మొన్న మీరు ఫోన్లో నేర్పించారు చూడండి, బటన్ నొక్కి మాట్లాడితే అదే రాసిపెడుతుందని. నేను మాట్లాడాను. అది ఒక్క ముక్కా రాయలేదు. "గట్టిగా మాట్లాడు నాయనమ్మా, నీ గొంతు దానికి అందట్లేదు" అని అక్కణ్ణుంచి మీరిద్దరూ ఒకటే నవ్వు. నవ్వండి, ఫర్వాలేదు. నా గొంతు మెషీన్లకు అందకపోవడం నాకు కొత్త కాదు. మీ నాన్న ఇంకా పుట్టకముందే, ఇదే తిరువూరులో, మన ఇంటి వసారాలోనే ఒక మెషీన్ నా గొంతు పనికిరాదని తేల్చేసింది. అది తేల్చిందని నాకు రావాల్సిన ఉద్యోగం చేజారిపోబోయింది. ఆ సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. మీ తాతయ్యకు చెప్పడం రాదు. మీ ముత్తాతకు చెప్పడం ఇష్టం లేదు.

అది డెబ్బైల చివరి మాట. అప్పట్లో మన ఇల్లంటే ముందు వ్యాపారం, వెనక కాపురం. రోడ్డు వైపు మా మామగారి ధాన్యం కొట్టు, దాన్ని ఆనుకుని వసారా, ఆ వెనక గదులు, వంటిల్లు, పెరడు, పైన ఒక మేడ గది. మా మామగారి గొంతు గురించి మీకు ముందే చెప్పాలి. ఆయన కొట్లో కూర్చుని "ఒరేయ్" అంటే, బస్టాండులో విస్సన్నపేట బస్సెక్కుతున్నవాడు కూడా నన్నేనేమో అని దిగి చూసేవాడు. బేరమూ ఆ గొంతుతోనే, దేవుడికి దణ్ణమూ ఆ గొంతుతోనే. నెమలి ఊరి గుళ్ళో వేణుగోపాలస్వామికి ఆయన మొక్కు చెప్పుకుంటుంటే, పక్కవాళ్ళు తమ మొక్కులు మర్చిపోయేవారు.

నా గొంతు ఇప్పుడెలా ఉందో అప్పుడూ అంతే. పైగా కోడలిని. మా ఇంట్లో కోడలు మామగారికి ఎదురుపడి మాట్లాడే ఆచారం లేదు. తలుపు వెనక నిలబడి, అత్తగారితో చెబుతున్నట్టు గోడకు చెప్పాలి. ఆయన కూడా నాతో చెప్పాల్సింది పైన దూలానికేసి చూసి చెప్పేవారు. కాపురానికి వచ్చాక ఆయనతో నేరుగా ఒక్క మాటైనా మాట్లాడి ఎరగను.

ఇంక ఉద్యోగం సంగతి. పుట్టింట వినగడపలో మా నాన్నకు బాగా సుస్తీ చేసినప్పుడు, హైదరాబాదులో ఉన్న మా అన్నయ్యకు ట్రంక్ కాల్ చేయడానికి మీ తాతయ్యా నేనూ టెలిఫోన్ ఎక్స్చేంజికి వెళ్ళాం. అక్కడొక ఆవిడ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని బోర్డు ముందు కూర్చుని ఉంది. ఒక తీగ తీసి ఒక కన్నంలో గుచ్చి, చంటిపిల్లకు చెప్పినంత మెల్లగా "హైదరాబాద్, ఒక కాల్ ఉంది" అంది. అంతే! అంత దూరాన ఎవరో పలికారు. మా అన్నయ్య లైన్లోకి వచ్చాడు. నాన్న సంగతి చెప్పి ఏడుస్తూ ఇంటికొచ్చాను గానీ, ఆ దుఃఖంలో కూడా ఆవిడ గొంతు నా చెవిలోంచి పోలేదు. అరవకుండా కూడా అంత దూరం వినపడొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. మా నాన్న కోలుకున్నాక, ఎస్సెల్సీ సర్టిఫికెట్టు పట్టుకుని ఆపరేటర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించాను. మీ తాతయ్య సాయం చేశారు, తండ్రికి తెలియకుండా. వాళ్ళు పెట్టిన వయసు పరిమితికి నేను అంచు మీద ఉన్నాను. ఆ ఏడాది దాటితే ఇంక దరఖాస్తు పెట్టుకోవడానికి కూడా లేదు.

ఇంటర్వ్యూకి బెజవాడ రమ్మని కార్డు వచ్చింది. అత్తగారు చల్లగా మామగారి చెవిన వేశారు. ఆయన "చూద్దాంలే" అన్నారు. మా ఇంట్లో "చూద్దాంలే" అంటే వద్దని అర్థం. కాకపోతే పైకి వద్దనడానికి ఆయనకింకా సాకు దొరకలేదు.

సాకు బెజవాడ బస్సు దిగి వచ్చింది.

మా ఆడపడుచు భర్తకు వరసకు తమ్ముడు ఒకాయన ఉండేవాడు. ఏదో పెద్ద కాలేజీలో పరిశోధన చేస్తున్నాడు. బెల్‌బాటం ప్యాంటు, చెంపల మీద సగం దాకా దిగిన క్రాపు. ట్రంకుపెట్టెంత ఇనప పెట్టె ఒకటి రిక్షాలో వేయించుకుని, దాని పక్కన కూర్చోవడానికి చోటు లేక తాను నడుచుకుంటూ వచ్చాడు. పెట్టె ముందువైపు పది బల్బులు, ఒక్కో బల్బు కింద ఒక్కో అంకె, పక్కన తీగతో ఒక మైకు.

"ఇది మనిషి మాట గుర్తుపడుతుంది మామయ్యగారూ" అన్నాడు. "మీరు మూడు అంటే మూడో బల్బు వెలుగుతుంది. దీంతో మనుషుల మాటతీరు స్టడీ చేస్తున్నాను. భయంలో గొంతు ఎలా ఉంటుంది, కోపంలో ఎలా ఉంటుంది, ఆడవాళ్ళు ఎలా పలుకుతారు, మగవాళ్ళు ఎలా పలుకుతారు. సిటీ గొంతులు అయిపోయాయి. ఇప్పుడు పల్లెటూరి గొంతులు కావాలి."

తిరువూరు పల్లెటూరని ఆయనకెవరు చెప్పారో గానీ, సినిమా హాలు పక్కనే దిగి కూడా ఆయనకు ఆ అనుమానం తీరలేదు.

"మూడు" అని మైకులో అని చూపించాడు. మూడో బల్బు వెలిగింది. "తొమ్మిది" అన్నాడు. తొమ్మిదోది వెలిగింది. వసారాలో ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. ఆ పెట్టె చేసినవాడు తనే, దానికి నేర్పిందీ తన గొంతుతోనే. తను పెంచిన చిలక తన పేరు పలికిందని ఊరంతా చూపించుకున్నట్టుంది నాకైతే. కానీ మా మామగారికి అందులో బ్రహ్మాండం కనిపించింది. కొట్టుకు ఎవరొచ్చినా ముందు పెట్టె చూపించి ఆ తర్వాతే బేరం మొదలుపెట్టేవారు.

మర్నాటి నుంచి వసారాలో జాతర. మైకు ముందు పెట్టి "నేచురల్‌గా మాట్లాడండి" అనేవాడు సైంటిస్టుగారు. మైకు ముందు నేచురల్‌గా మాట్లాడే మనిషి ఈ భూమ్మీద ఎవరున్నారు? పక్కింటి మేష్టారు హాజరు పిలిచినట్టు "ఒకటీ... రెండూ..." అన్నారు. కిళ్ళీ కొట్టాయనకు నాటకాల పిచ్చి. "ఐదు" అన్న దానికి రాగం తీసి ఎంతకీ వదలకపోతే బల్బులన్నీ వరసగా వెలిగి ఆరాయి. జనం చప్పట్లు. సైంటిస్టుగారు మాత్రం గంభీరంగా కాగితం మీద ఏదో గీసుకున్నాడు. మా అత్తగారు పొద్దున్నే కూరగాయలమ్మే ఆవిడతో వీధి మారుమోగేలా పోట్లాడి వచ్చి, మైకు ముందు కూర్చుని, మూగనోము పట్టినట్టు పెదవులు మాత్రమే కదిపారు.

"ఈ ప్రాంతం లేడీస్‌కి వాయిస్ స్ట్రెంగ్త్ తక్కువండి" అన్నాడాయన. కాగితం మీద కూడా అదే రాసుకున్నాడు. పడక్కుర్చీలో ఎదురుగా మా మామగారు, చుట్టూ బజారులో మగవాళ్ళంతా. ఆడవాళ్ళకు బలం తక్కువైంది గొంతులోనా, మరెక్కడా అని సైంటిస్టుగారు ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. మెషీన్ చూస్తుంటే తను చూడక్కర్లేదనుకున్నాడు కాబోలు. అంత చదువు చదివి కళ్ళు ఇంటి దగ్గర పెట్టి వచ్చాడు.

నా వంతు వచ్చింది. నేను వసారాలోకి రాలేదు. తలుపు వెనక నిలబడ్డాను. ఆయనే మైకు తీగ లాగి గడప మీద పెట్టాడు. "చెప్పండి అక్కయ్యగారూ, ఒకటి."

"ఒకటి" అన్నాను. ఏ బల్బూ వెలగలేదు. "రెండు" అన్నాను. లేదు. "ఐదు" అన్నప్పుడు తొమ్మిదో బల్బు మినుకు మినుకుమని మనసు మార్చుకుంది.

మా మామగారు పడక్కుర్చీలోంచి ముందుకు వంగారు. "ఏమోయ్, ఈ అమ్మాయికి టెలిఫోన్ ఉద్యోగం ఇంటర్వ్యూ ఒకటి ఉంది. ఈ గొంతు పనికొస్తుందంటావా?"

ఆయన కాసేపు ఆలోచించినా బాగుండేది. ఆలోచించలేదు. "మెషీన్ పట్టుకోవట్లేదు మామయ్యగారూ. టెలిఫోన్ కూడా మెషీనే కదా!"

"విన్నారా!" అన్నారు మా మామగారు దూలంతో. ఆయన ముఖంలో అంత సంతోషం మంచి ధర పలికిన రోజు కూడా చూడలేదు. "సైన్సే చెప్పింది. ఇంక బెజవాడ ఎందుకు, బస్సు ఛార్జీ దండగ. వద్దని నేనన్నానా? నేననలేదు. పెట్టె అంది."

మీ తాతయ్య కొట్లో తలొంచుకుని బస్తా మూతి కుడుతున్నారు. ఆ మూతి అంతకు ముందే కుట్టేసి ఉంది.

ఆ మధ్యాహ్నం మేడ మీద మామిడి ఒరుగులు ఎండబెట్టి ఉంటే కోతులు దిగాయి. నేను చీపురు తీసుకుని మెట్లెక్కి, పొద్దుటి నుంచి కడుపులో ఉన్నదంతా ఆ కోతుల మీద చూపించాను. "పోండి, పోండే ముదనష్టపు మొహాల్లారా!" అని అరిచిన అరుపుకు కోతులు మూడిళ్ళ అవతలికి దూకాయి. మేడ గదిలో నిద్రపోతున్న సైంటిస్టుగారు బనీనుతో బయటికి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కయ్యగారూ! ఇంత గొంతు ఉందా మీకు?"

"ఉంది బాబూ. ఆ మాటే కిందికి వెళ్ళి మామగారికి చెప్పు. నాకు ఈ ఇంటర్వ్యూ పోతే ఇంకోటి రాదు" అన్నాను. అంత నోరు తెరిచి ఒక మనిషిని బతిమాలడం అదే మొదలు.

ఆయన నొచ్చుకుంటూ తల గోక్కున్నాడు. "ఎలా చెప్పనండీ? ఇది కంట్రోల్డ్ కండిషన్ కాదు. మెషీన్ ముందు అన్నదే డేటా. రిజల్టు మార్చడం ఎథిక్స్ కాదు."

"అయితే మెషీన్ ఇక్కడికి తీసుకురా. ఇప్పుడే ఒకటి నుంచి పది దాకా అంటాను."

"ఇక్కడ ప్లగ్గు లేదు కదండీ!"

అదీ సంగతి. మనుషుల మాటతీరు తెలుసుకుందామని ఊళ్ళు తిరుగుతున్నవాడు, మనిషి మనిషిలా మాట్లాడిన ఒక్క మాట దొరికితే, ప్లగ్గు లేదని వదిలేశాడు. ఒరుగు ముక్క ఒకటి నోట్లో వేసుకుని మళ్ళీ పడుకున్నాడు. నేను చీపురు కింద పారేసి చాలాసేపు ఆ ఎండలోనే కూర్చున్నాను. వంటింట్లోకి వెళ్ళాలనిపించలేదు. వెళితే ఇంక అక్కడే ఉండిపోతానేమోనని.

ఊరంతా అయ్యాక ఆఖరున మైకు ముందుకు రావాలన్నది మా మామగారి పట్టుదల. పెళ్ళిలో పెద్దమనిషి పీట అన్నమాట. మర్నాడు సంతకొచ్చిన రైతులూ, బజారువాళ్ళూ వసారా నిండా ఉన్నప్పుడు ఆయన ఉత్తరీయం సర్దుకుని, గొంతు సవరించుకుని, కుంచంతో ధాన్యం కొలవడానికి కూర్చున్నట్టు బాసింపట్టు వేసి కూర్చున్నారు. మైకును కుంచంలాగే రెండు చేతులా పట్టుకున్నారు.

"లాభం!" అన్నారు.

ఎనిమిదో బల్బు వెలిగింది.

మీకు తెలియదేమో. ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచానికి ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. ఆ మాటతో మొదలుపెడితే గాదె నిండుతుందని నమ్మకం.

"ఇదేంటయ్యా, లాభానికి ఎనిమిదంటుంది నీ డబ్బా?"

"మామయ్యగారూ, దీనికి లాభం తెలియదు. ఒకటి అనండి."

"బుద్ధెరిగిన దగ్గర్నుంచి మొదటిదానికి ఒకటి అనలేదు నేను. మా నాన్నా అనలేదు."

"ఇది కుంచం కాదండీ, మైకు."

"ఎందులో కొలిస్తేనేం, కొలత కొలతే. లాభం!" ఈసారి ఎనిమిదీ, నాలుగూ కలిసి వెలిగాయి. రైతుల్లో ఎవరో "పెట్టుబడి కూడా కలిపి చెప్తందండోయ్" అన్నాడు. వసారా గొల్లుమంది.

మా మామగారి చెవులు ఎర్రబడ్డాయి. లాభం పక్కన పెట్టి "రెండూ!" అని ఒక్క కేక పెట్టారు. పదికి పది బల్బులూ వెలిగి, పెట్టె లోపల టప్‌మని ఏదో పేలినట్టయి, కమురు వాసన వచ్చింది.

సైంటిస్టుగారు పెట్టెను పసిపిల్లలా పొదివి పట్టుకున్నాడు. ఆ కంగారులో అనకూడని మాట అన్నాడు. "మీ గొంతు స్టాండర్డ్ కాదండీ! ఇట్లాంటి గొంతులు మా స్టడీకి పనికిరావు!"

"ఎవరి గొంతు?" అన్నారు మా మామగారు. ఆ మాట మెల్లగా అన్నారు, అందుకే అందరికీ భయమేసింది. "ఎవరి గొంతయ్యా పనికిరానిది? నలభై ఏళ్ళుగా ఈ సెంటర్లో ధర పలికేది నా గొంతు. దీన్ని కాదనడానికి ఆ రేకుడబ్బా ఎవరు? దానికి లాభం అంటే ఏంటో తెలియదు, అది మనిషి మాట తేలుస్తుందా?"

అప్పుడు తలుపు దగ్గర్నుంచి మా అత్తగారు, ఎవరితోనూ కాదన్నట్టు గుమ్మానికి చెప్పారు. "అదేనమ్మా నేనూ అనుకుంటున్నా. నిన్న కోడలి గొంతు పనికిరాదన్నదీ ఆ డబ్బాయే. ఇవాళ ఈయన గొంతు పనికిరాదన్నదీ ఆ డబ్బాయే. నమ్మితే రెండూ నమ్మాలి. రేపట్నుంచి కొట్లో బేరాలు ఎవరాడతారో మరి."

అప్పటికి కాలిపోకుండా ఉంటే, తలుపు వెనక నా గుండె చప్పుడు ఆ మెషీన్ కూడా పట్టుకుని ఉండేది.

మా మామగారు ఉత్తరీయం దులుపుకుని లేచారు. దూలానికేసి కూడా చూడలేదు, సూటిగా సైంటిస్టుగారి మొహంలోకే చూశారు. "అమ్మాయి బెజవాడ వెళ్తుంది. ఇంటర్వ్యూకి. నీ డబ్బా వద్దందిగా, అందుకని వెళ్తుంది."

నా చదువు చూసి పంపలేదు పిల్లలూ. నా కోరిక చూసీ పంపలేదు. ఒక ఇనప పెట్టె మీద పంతం కొద్దీ పంపారు. అయినా సరేననుకున్నాను. పంతంతో తీసిన తలుపైనా తలుపే కదా. ఇంటర్వ్యూ మర్నాడే. ఆయన మనసు మళ్ళీ మారకముందే పొద్దున్నే మైలవరం మీదుగా పోయే మొదటి బస్సెక్కేశాం, మీ తాతయ్యా నేనూ. సైంటిస్టుగారు కూడా ఆ బస్సులోనే. పెట్టెను టాపు మీదికి ఎక్కించడానికి ఒప్పుకోక, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా మాతో మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడో మా ఆడపడుచు చెప్పింది, ఆయన ఆ పరిశోధనకు డిగ్రీ తెచ్చుకున్నాడట. అందులో మా ఊరి ఆడవాళ్ళ గొంతు బలం గురించి ఏం రాశాడో నేనడగలేదు.

బెజవాడ ఆఫీసులో పరీక్ష ఎంత చిన్నదో చెబితే మీరు నమ్మరు. పెద్దావిడ ఒకావిడ నా చెవులకు హెడ్‌ఫోను తగిలించి, పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నా చేతిలో నంబర్ల కాగితం. ఎదురుగా ఎవరూ లేరు. పడక్కుర్చీ లేదు, బజారు లేదు. చదివాను. మొదటి నంబరుకే గొంతు వణికింది. రెండోదానికి సర్దుకుంది. అన్నీ చదివాక చెవిలో ఆవిడ మాట వినపడింది.

"బాగుందమ్మా. ప్రతి అంకె విడిగా తెలుస్తోంది. ఇంకొంచెం తగ్గించి మాట్లాడినా ఫర్వాలేదు."

తగ్గించమంది! నన్ను! అక్కడే నవ్వొచ్చేసింది నాకు. ఆవిడ చెవిలో ఆ నవ్వు కూడా పడే ఉంటుంది. బయటికొస్తే మీ తాతయ్య "ఏమన్నారు? గట్టిగా మాట్లాడమన్నారా?" అని కంగారు పడుతున్నారు. కాదని చెబితే ఎంతకీ నమ్మలేదు.

ట్రైనింగ్ అయ్యి, మన ఊరి ఎక్స్చేంజిలోనే పోస్టింగు వచ్చింది. ఊళ్ళో మా మామగారు "మెషీన్‌ని ఓడించి పంపించాను మా అమ్మాయిని" అని చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాను.

మరుసటి ఏడాది కొట్లోకి ఫోను వచ్చింది. నేను డ్యూటీలో ఉండగా ఒకరోజు ఆయన రాజమండ్రి వ్యాపారితో మాట్లాడుతున్నారు. ఊరు ఎంత దూరమైతే అంత గట్టిగా అరవాలన్నది ఆయన లెక్క. అవతలివాడు "ఏంటండీ? ఏంటండీ?" అంటున్నాడు. మూడు నిమిషాల లెక్కన కట్టే ట్రంక్ కాల్ అరుపులకే అయిపోతోంది. నేను లైన్లోకి వెళ్ళాను.

"కొంచెం మెల్లగా మాట్లాడండి. మీ అరుపు వినపడుతోంది గానీ, మాట వాళ్ళకి అందట్లేదు."

"ఎవరమ్మా?" అన్నారాయన.

"ఆపరేటర్నండీ."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అత్తగారితో అన్నారు. "ఎక్స్చేంజిలో ఎవరో కొత్తమ్మాయి ఉందే. చిన్నా పెద్దా లేదు. గొంతు తగ్గించమంటుంది నన్ను."

"తగ్గించారా మరి?"

"తగ్గించాను. అప్పుడు గానీ ఆ రాజమండ్రివాడికి ధర తెలియలేదు."

"అయితే పనిమంతురాలే" అన్నారు అత్తగారు, తలుపు వెనక నిలబడ్డ నావైపు చూడకుండా. "కనపడితే చెప్తాలెండి, పెద్దవాళ్ళతో మర్యాదగా ఉండమని."

"మర్యాదకేం, బానే ఉంది" అన్నారు మా మామగారు. తర్వాత మజ్జిగ అడిగారు. రోజూ వీధి చివరిదాకా వినపడేలా అడిగే మనిషి, ఆ పూట వంటింటి దాకా చాలన్నట్టు అడిగారు.